మధ్య గడి

నోటుబుక్కులో మూడు గడులు గీసుకున్నాను.
కుడివైపు నుంచి అరబ్బీ, ఎడమవైపు నుంచి తెలుగు
ఎదురెదురుగా నడిచొచ్చి
మధ్య గడిలో ఢీకొంటాయి.

మంగళవారం సాయంత్రం, షెఫీల్డు, స్పిటల్ హిల్ ఎక్కాక
లైబ్రరీ పైగది. హీటరు పనిచెయ్యదు.
కోట్లు విప్పకుండానే కూర్చుంటాం మేం ముగ్గురం.
అర్వా బోర్డు మీద రాస్తుంది:
అనా సైదలానియ్య.
నేను ఫార్మసిస్టుని.

ట్రాములు నడిపి రిటైరైన కాలిన్
ఇందులో 'ఆమ్' ఎక్కడుందని వెతుకుతాడు,
సీటు కింద దొర్లిన చిల్లర కోసం వంగినట్టు.
నాకు వంగే పని లేదు.
ఆ చిల్లర మా ఇంట్లో ఎప్పుడూ చెల్లలేదు.
నేను, ఫార్మసిస్టుని. అంతే.

పోలండు నుంచి వచ్చిన హలీనా రోజూ 'అల్' మర్చిపోతుంది.
నేనూ మర్చిపోతాను.
కానీ హమామ్ అంటే పావురం, హమ్మామ్ అంటే స్నానాలగది,
కాలిన్ మూడు వారాలుగా పావురంలో స్నానం చేస్తున్నాడు.
అక్కని అక అనని దాన్ని,
ఒత్తు దగ్గర నేను జారిపడను.

మొదట్లో మధ్య గడి తొందరగా నిండింది.
కలం, జవాబు, తారీఖు, వకీలు, బాకీ, వసూలు.
కోర్టు గుమాస్తాగా మా నాన్న పగలంతా నమిలిన మాటలు.
ఆయనకి అలిఫ్ అంటే ఏమిటో తెలీదు.
'మాజీ' అని రాసి ఆగాను.
మాకది సర్పంచి పేరు ముందు తగిలించే మాట.
దారిలో పార్సీ వాళ్ళ నాలుక మీద కాస్త అరిగింది గానీ
ఇక్కడ, వ్యాకరణంలో,
జరిగిపోయిన కాలమంతటికీ అదే పేరు.

కలమున్, అని చివర్న నకారం పలికి
ఆగితే అది రాలిపోతుందంది అర్వా.
బల్ల చరిచాను. ద్రుతం!
ఎనిమిదో తరగతిలో కామేశ్వరి టీచరు
బెత్తం చివరతో చూపించిన ద్రుతం.
"చుట్టరికం లేదు," అంది అర్వా. "పోలికే.
పోలిక పట్టుకుని నడువు, వియ్యం కలపకు."

ఆ తర్వాతి వారం బహువచనాలు.
మనుషులైతే వాళ్ళు.
పుస్తకాలు, మాత్రలు, కొండలు ఎన్నున్నా 'ఆమె'.
కాలిన్ పెన్ను కింద పెట్టేశాడు.
నేను చెప్పాను: మాకు బస్సు వచ్చింది, వాన వచ్చింది,
మా అత్త వచ్చింది. మామయ్యొక్కడే వచ్చాడు.
అర్వా సుద్దముక్క తిప్పుతూ కాసేపు ఆలోచించింది.
"మీ దగ్గర ఆడవాళ్ళు వస్తువులు.
మా దగ్గర వస్తువులు ఆడవాళ్ళు."
హలీనా ముందు నవ్వింది. కాలిన్‌కి విప్పి చెప్పాల్సొచ్చింది.
ఆ మాటకి గడిలో చోటు చాలక
అంచు మీద నిలువుగా రాసుకున్నాను.

ద్వివచనం నేర్చిన రోజు అడిగాను.
మీరిద్దరూ ఉంది, వాళ్ళిద్దరూ ఉంది, మనిద్దరం ఏదీ?
లేదంది.
మాకు మనం వేరు, మేము వేరు.
మీ నహ్ను ఒక్కటే, అందులో నేనున్నానో లేదో
నాకెలా తెలుస్తుంది?
"చెప్పే మనిషి మొహం చూడు," అంది.
మధ్య గడి ఖాళీగా వదిలేశాను.
ఖాళీ కూడా అక్కణ్ణించి వచ్చిన మాటేనట.

బుధవారం, మందుల కొట్లో, ఉమ్ నస్ర్.
బీపీ మాత్రల పెట్టె తిప్పి తిప్పి చూస్తోంది.
ఇన్నాళ్ళూ రెండు వేళ్ళు చూపించి ఊరుకున్నదాన్ని
ఇవాళ నోరు తెరిచాను. హబ్బతాన్.
రెండు మాత్రలు, ఒక్క మాటలో.
ఆవిడ కళ్ళజోడు మీంచి చూసి,
"హబ్బతైన్," అని దిద్దింది.
నిజమే. మింగబడేవి మాత్రలు, అవి కర్మ.
నేను వాటిని కర్తలుగా నిలబెట్టాను.

పొద్దున్నేనా, అనడిగింది.
అవునని చెప్పాలి. నఅమ్.
మధ్యలో గొంతు అడుగునుంచి లాగాల్సిన ఆ ఐన్‌కి
మా యాభై ఆరులో పోలికే లేదు.
లాగాను. రాలేదు.
నామ్, అన్నాను.
నిద్రపోయాడు, అని.

ఉమ్ నస్ర్ కంగారుగా వెనక్కి తిరిగి
కుర్చీల వైపు చూసింది,
ఎవరా అని.